మునెమ్మకు చెప్పకూడని పులుసు

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి సుగుణకు,

నీ అక్క వనజ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మేము ముగ్గురం క్షేమం. మా ఇంట్లో దిగిన చుట్టం కూడా క్షేమమే, ఆమె సంగతి తర్వాత చెబుతాను. ఐరాలలో మీరందరూ ఎలా ఉన్నారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నాయన ఇంకా చెప్పులు చేతిలో పట్టుకునే చేనికి పోతున్నాడా? మీ ఇంటాయన దగ్గు ఎలా ఉంది? అందరూ చల్లగా ఉండాలని దీపం పెట్టినప్పుడల్లా కాణిపాకం స్వామికి చెప్పుకుంటూనే ఉన్నాను.

నీ ఉత్తరం అందింది. చిత్తూరులో ఆఫీసు వదిలాక బస్సు పట్టుకుని ఊరు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతోందని, అప్పుడు మీ ఇంటాయన చేపో కోడో తెచ్చి ముందర పెడితే ఏడుపొస్తోందని రాశావు. నేనూ పనికి పోయి వచ్చే దాన్నే కాబట్టి తొందరగా, రుచిగా ఎలా చేస్తానో చెప్పమన్నావు. చెబుతాను. కానీ ఈసారి వంట ఒక్కటే విడదీసి రాయలేను. ఈ నెల నా పొయ్యి మీద కూరతో పాటు ఎనిమిదేళ్ల పగ కూడా ఉడికింది. రెండూ కలిపే విను.

ముందు ఇక్కడి సంగతి. చొక్కాలు కుట్టే కంపెనీలో నాకు కాలర్ల పనే ఇచ్చారు. రోజంతా కాలర్లు కుట్టి కుట్టి, బస్సులో ముందు సీటు వాళ్ల మెడలు చూసినా కుట్టు వంకరగా ఉందా అని చూస్తున్నాను. ఈ ఊళ్లో ఎండ కూడా మొహమాటపడుతూ వస్తుంది. సాయంత్రమైతే చాలు తుంపర. వఠారంలో కన్నడం వాళ్లు మంచివాళ్లే, నవ్వుతారు, చక్కెర బదులిస్తారు. కానీ గుమ్మంలో నిలబడి "తిన్నావా మే?" అని మన మాటలో అడిగేవాళ్లు లేరు. ఆ ఒక్కదానికే ఒక్కోసారి బస్సెక్కి ఊరికి వచ్చేయాలనిపిస్తుంది. బెంగపడవద్దు, నేను బాగానే ఉన్నాను.

ఇక్కడ కోడి అంటే బ్రాయిలర్ కోడి. మన పెరట్లో పురుగులేరుకుని తిరిగిన కోడి కాదు. తెల్లగా, మెత్తగా, దూదిలా ఉంటుంది. దానికి సొంత రుచి లేదు, మనం ఏం చెబితే అదే వింటుంది. అందుకే పని తేలిక. ఇంటికి రాగానే ముక్కలు కడిగి, ఉప్పు, పసుపు, దంచిన అల్లం వెల్లుల్లి, సగం నిమ్మకాయ రసం పట్టించి పక్కన పెట్టు. నువ్వు మొహం కడుక్కుని, చీర మార్చుకుని, దీపం పెట్టేలోగా అది నానుతుంది. నూనెలో గుప్పెడు కరివేపాకు, ఎండుమిరపకాయలు వేసి, ముక్కలు వేసి మూత పెట్టు. దాని నీళ్లతో అదే ఉడుకుతుంది. నీరు ఇగిరాక కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు వెయ్యి. దించేముందు మనం సంగటిలోకి చేసుకునే పప్పుల పొడి ఒక చారెడు చల్లు. అది ముక్కకు అంటుకుని కరకరలాడుతుంటే మీ ఇంటాయన దగ్గు కూడా మరిచిపోతాడు.

ఇక చుట్టం సంగతి. మునెమ్మ వచ్చింది. ఏ మునెమ్మ అని అడగకు, మా తోడికోడలు మునెమ్మే, మీ బావకు వదిన. ఆకు, వక్క, పొగాకు నమిలి నమిలి పళ్లన్నీ పుచ్చిపోయాయి. బెంగళూరులో అయితే కట్టుడు పళ్లు బాగా కడతారని ఎవరో చెప్పారట. ఉన్నవన్నీ పీకించుకుంది. చిగుళ్లు ఆరి కొత్త పళ్లు వచ్చేదాకా మా ఒంటి గదిలోనే మకాం.

ఆమె నాకేం చేసిందో నీకు తెలుసు. అయినా మళ్లీ రాస్తాను, రాసుకుంటే నాకు తృప్తి. నేను జ్యోతిని మోస్తున్న రోజులు. వేవిళ్లు తగ్గి నోటికి రుచి తెలుస్తోంది. కోడి కార్జం మీదికి, ఇక్కడి కొట్టువాళ్లు లివర్ అంటారే దాని మీదికి, మనసు పోయింది. సిగ్గు విడిచి ఆమెతో చెప్పుకున్నాను. "దాందేముంది మే, ఈసారి కోడి కోస్తే కార్జం నీకే" అంది. ఆమె తమ్ముడు వచ్చిన రోజు కోడిని కోశారు. పొగలో కళ్లు మండుతుంటే పొయ్యి ఊదింది నేను. కానీ ఆ ఇంట్లో గంటె ఆమెది. కాళ్లు మగవాళ్లకు పోయాయి, కందనకాయ ఆమె మొగుడికి, అదే మా బావగారికి పోయింది, కార్జం ఆమె తమ్ముడి అన్నం తట్టలో పడింది. చివరికి నేను తట్ట పట్టుకుని నిలబడితే గిన్నె అడుగున మిగిలిన మెడ వేసి, అందరూ వినేలా అంది.

"తిను మే. మెడ తింటే పుట్టే బిడ్డకు మెడ బాగా నిలబడతాది."

అందరూ నవ్వారు. మీ బావ కూడా నవ్వాడు.

కడుపుతో ఉన్నదాని కోరిక తీరకపోతే పుట్టిన బిడ్డకు చెవి కారుతుందని అమ్మ చెప్పేది కదా. జ్యోతికి కారింది. ఇప్పటికీ చలికాలం వస్తే కారుతుంది. దూది పెట్టిన ప్రతిసారీ నాకు ఆ మెడ ముక్కే కనబడుతుంది. ఇక్కడి డాక్టరు జలుబు వల్ల అంటాడు. చదువుకున్నాయన, మునెమ్మ గంటె సంగతి ఆయనకేం తెలుసు?

అందుకే ఆమె వస్తోందని తెలిసిన రోజే నేను లోపల కత్తి నూరుకున్నాను. పళ్లు పీకిన పచ్చి ఆరి, ఏదో ఒకటి నోట్లో పెట్టుకోగలుగుతున్నానని ఆమె చెప్పిన రోజు, కంపెనీ నుంచి వస్తూ కోడి తెచ్చాను. మెడ పడేయవద్దని కొట్టువాడికి రెండుసార్లు చెప్పాను. ఇందాక రాసినట్టే చేశాను, ఇంకా బాగా చేశాను. వాసనకు వఠారం పిల్లలు గుమ్మంలోకి వచ్చారు.

ఈ ఇంట్లో గంటె నాది కదా. జ్యోతికి ఒక కాలు వేశాను. ఇంకో కాలు నా తట్టలోనే వేసుకున్నాను. పెళ్లయ్యాక కోడి కాలు నేనుగా వేసుకోవడం అదే మొదలు. మీ బావకు రొమ్ము ముక్కలు వేశాను. మునెమ్మ తట్టలో సంగటి పెట్టి, పక్కన మెడ పెట్టాను. ఆమె నోట్లో ఒక్క పన్ను లేదని నాకు తెలుసు. తెలిసే పెట్టాను.

"తిను అక్కా. మెడ తింటే మెడ బాగా నిలబడతాది" అన్నాను.

ఎనిమిదేళ్లు ఆ మాటను నాలుక కింద దాచుకున్నాను. మీ బావ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. ఆయనకు గుర్తుకొచ్చింది. మునెమ్మ మాత్రం తల వంచి ముక్క తీసి చిగుళ్ల మధ్య పెట్టుకుంది. నమలలేక అటు తిప్పి, ఇటు తిప్పి, చప్పరించి బయటికి తీసింది. దాని మీద రవంత రక్తం.

"ఎట్ల తినేది మే? నాకు పండ్లు ల్యావు గదా" అంది. కోపం లేదు, అవమానం లేదు. ఆ మాట ఎక్కడిదో ఆమెకు గుర్తే లేదు!

నాకు ఒళ్లు మండిపోయింది సుగుణా. దెబ్బ తగిలినవాళ్లకు తగిలిందని తెలియకపోతే కొట్టిన చెయ్యి ఎంత నొప్పి పుడుతుందో అప్పుడు తెలిసింది. గిన్నెలో చూశాను. ఆ కోడి మొత్తంలో పళ్లు లేని మనిషి తినగలిగింది ఒక్కటే ఉంది. కార్జం. జ్యోతికని పక్కన పెట్టినది. దాన్ని గంటెతో తీసి ఆమె తట్టలో వేశాను. వేసి, ఉన్నదంతా కక్కాను. ఆమె తమ్ముడు, కార్జం, మెడ, నవ్వులు, జ్యోతి చెవి, అన్నీ.

"ఆనాడు నీ గంటెలో నాకు రానిది ఈనాడు నా గంటెలో నీకొస్తాండాది. తిను" అన్నాను.

ఆమె జ్యోతి చెవి వైపు చూసింది. "నేనా? అంత మాటన్నానా? నాకు గ్యాపకం ల్యాదే" అంది. మీ బావ గొంతు సవరించుకుని, "అన్నావు వదినా. నేనూ నగినాను" అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేననుకోలేదు.

మునెమ్మ తట్ట దగ్గరికి లాక్కుంది. కార్జాన్ని వేళ్లతో మెదిపి, సంగటిలో అద్దుకుని, మెల్లగా మింగింది. ఏడుస్తుందని ఎదురుచూశాను. నేనైనా ఏడుస్తానేమో అనుకున్నాను. ఆమె తట్ట ఊడ్చి, నీళ్లు తాగి, నా మొహం చూసి అంది.

"బాగుండాది మే. ఉప్పే రవంత తక్కువైండాది."

చూశావా! పళ్లు పోయినా పొగరు పోలేదు. ఆ పూటే నిశ్చయించుకున్నాను, ఈమెకు మెడ ముక్క చాలదని. రోజూ మంచి తిండి పెడతాను. ఎంత మంచి తిండి అంటే, ఐరాల పోయి తన గంటెతో తను వండుకున్నది తనకే గొంతు దిగకూడదు. అదీ నా పగ.

మరుసటి రోజే చేప తెచ్చాను. ఇక్కడ మంగళూరు నుంచి ఐసులో బంగడ చేపలు వస్తాయి, నీకు చెరువు చేపైనా సరే. ఈ పులుసు నీకూ పనికొస్తుంది, జాగ్రత్తగా చదువుకో. పొద్దున పనికి పోయేముందే గుప్పెడు మామిడి ఒరుగులు నీళ్లలో నానెయ్యి. చింతపండు వద్దు. సాయంత్రం వచ్చాక నూనెలో చిటికెడు మెంతులు, ఉల్లిపాయ, చితక్కొట్టిన వెల్లుల్లి వేయించి, మిరపపొడి, ధనియాల పొడి వేసి, ఒరుగులను నీళ్లతో సహా పొయ్యి. తెర్లాక చేప ముక్కలు వెయ్యి. ఆ తర్వాత గంటె పెట్టకూడదు, ముక్క చెదిరిపోతుంది. గిన్నెను గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి. గంటెతో పని లేని కూర కాబట్టి నాకది మరీ ఇష్టం. ఎండబెట్టేటప్పుడే ఒరుగులకు ఉప్పు పడుతుంది కదా, అందుకని పులుసులో ఉప్పు రవంత తగ్గించి వెయ్యి. ఇది మరిచిపోవద్దు.

ఆ పులుసు సంగటి మీద పోసి, ముల్లు తీసి మునెమ్మకు పెట్టాను. మూడోసారి కూడా వడ్డించుకుంది. అప్పటి నుంచి నేను రాగానే పొయ్యి దగ్గరికి జరుగుతుంది. "ఏమేసినావు మే దీన్లో? సింతపండు గాదే ఇది?" అంటుంది. "మామూలేనక్కా" అని మూత పెడతాను. ఒరుగుల సీసా బియ్యం డబ్బా వెనక దాచాను. పులుసులో ఉడికిన ఒరుగు ముక్కలు కూడా వడ్డించే ముందే తీసేస్తాను.

అసలు తమాషా ఏమిటంటే, అమ్మ నాకు పంపిన ఒరుగులు మునెమ్మ వాళ్ల తోటలో రాలిన కాయలవే. ఆమె ఇంట్లోనూ జాడీ నిండా ఉన్నాయి. పప్పులో తప్ప ఇంకెందులోనూ వేయడం ఆమెకు తెలియదు. ఇంటికి పోయి ఇల్లంతా వెతుకుతుంది, ఆ జాడీ మీద చెయ్యి ఆనించి నిలబడే వెతుకుతుంది. తలుచుకుంటే కాలర్లు కుడుతూ కూడా నవ్వొస్తోంది.

నా ఒరుగులు అయిపోవచ్చాయి, ఇటు ఎవరైనా వస్తుంటే ఒక మూట కట్టి పంపు. పప్పుల పొడి కూడా కొంచెం. అమ్మకు, నాయనకు నా నమస్కారాలు, వాళ్ల దీవెనలే మాకు ఇక్కడ కొండంత అండ. కార్జం సంగతి అమ్మకు చదివి వినిపించవద్దు, మునెమ్మను జాలిపడి పిలిచి ఒరుగుల సంగతి చెప్పినా చెబుతుంది. జ్యోతి పిన్నికి ముద్దులు పంపింది. మా గురించి దిగులు వద్దు, అందరం బాగున్నాము, కడుపు నిండా తింటున్నాము.

చివరిగా ఒక్క మాట. కొత్త పళ్లు పెట్టించుకుని వచ్చే వారం మునెమ్మ ఊరు చేరుతుంది. నాలుగు రోజులు తంటాలు పడి, నీ గుమ్మంలోకి వచ్చి, "మే సుగుణా, మీ అక్క సేపల పులుసులో ఏమేస్తాది?" అని తప్పకుండా అడుగుతుంది. కూర్చోబెట్టు, మంచినీళ్లివ్వు, మర్యాద చెయ్యి. అబద్ధం మాత్రం ఆడవద్దు. "ఏం లేదు పెద్దక్కా, ఉప్పు రవంత తక్కువేస్తాది" అని చెప్పు. విన్నప్పుడు ఆమె మొహం ఎలా ఉందో నాకు రాయి.

ఇట్లు,
నిన్ను తలుచుకోని పూట లేని నీ అక్క,
వనజ.