బకెట్ మీద అగ్గిపుల్ల

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసాగా ఉన్నామని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. నువ్వు కులాసాగానే ఉండి ఉంటావు. మీ పెట్రోలు డిపోకి నీళ్లు లారీలో వస్తాయి కదా.

మీ బావకి పని దొరుకుతోందా అని అడిగావు. షాపుల బోర్డులు రాసేవాడికి పనికేం కరువు? కరువల్లా మర్యాదకే. మా వీధి బోరు నీళ్లకి రంగుల్లో కలిపే టర్పెంటైన్ లాంటి వాసన మొదలైనప్పటి నుంచి అందరి చూపూ ఆయన బ్రష్షుల మీదే. "డబ్బాలు కడిగి బోరు పాడు చేసింది మీ ఆయనే కదమ్మా" అని పక్కింటి టీచరమ్మ నా మొహం మీదే అంది. ఆయన బ్రష్షులు కడిగేది డాబా మీద, కిరసనాయిలు డబ్బాలో. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

వాసన ఎప్పుడు వస్తోందన్నావు. చన్నీళ్లలో అంతగా తెలియదు. స్నానానికి కాస్తే మాత్రం గదంతా నిండిపోయి తల దిమ్మెక్కుతోంది.

నాకు మొదటి నుంచీ సందు చివర పెట్రోలు బంకు మీదే అనుమానం. వానలకి ముందు అక్కడ చుట్టూ పరదాలు కట్టి, భూమిలో ట్యాంకు దగ్గర తవ్వారు. ఏమిటని అడిగితే "రంగులేయిస్తున్నాం" అన్నారు. భూమిలో ఉన్న ట్యాంకుకి రంగేమిటి, ఎవరు చూసి మురిసిపోవాలని? ఆ బంకు ఓనర్ని మేం జేబురుమాలు అంటాం, అస్తమానం మొహం తుడుచుకుంటాడని. ఆ పెద్దమనిషి మొన్నామధ్య మా వాకిట్లోకి వచ్చి, బకెట్లో నీళ్లు పట్టించి, పైన అగ్గిపుల్ల గీశాడు. "చూడమ్మా, అంటుకోలేదు. నూనె తెట్టు కూడా లేదు. పెట్రోలైతే పైకి తేలదూ?" అన్నాడు. వీధి వీధంతా తలూపింది.

ఆ వారంలోనే నీ ఉత్తరం వచ్చింది. "అగ్గిపుల్ల గీసి చూడండి. నూనె తేలకపోతే అది పెట్రోలు కాదు, నిశ్చింతగా తాగండి. బంకాయనతో గొడవ పెట్టుకోవద్దు" అని రాశావు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. మర్నాడు గిన్నెలు తోముతుంటే చటుక్కున తట్టింది. నేను నీకు వాసన సంగతే రాశాను, బంకు మాటే ఎత్తలేదు. మరి గొడవ సంగతి నీకెవరు చెప్పారు?

పైగా ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా వంటింటి గట్టు మీద కూర్చుని గొప్పగా చెప్పింది నువ్వే. "పెట్రోలు కారితే చాలావరకు ఆ మట్టిలోనే చిక్కుకుంటుందక్కా. మేం అందులో కలిపే మందు ఉంది చూడు, అది నీళ్లలో కరిగిపోయి ముందే పరిగెత్తుతుంది. తేలదు, కనపడదు" అన్నావు. అన్నీ తెలిసిన నువ్వు నాకు అగ్గిపుల్ల పరీక్ష నేర్పుతావా?

ఇందాకటి నుంచీ ఒక సంగతి దాస్తున్నాను. సీసాలో నీళ్లు పట్టి పరీక్షల ఆఫీసులో ఇచ్చొచ్చాను. పెట్రోలుతో పాటు ఆ మందు కోసం కూడా చూడమన్నాను. "ఆ మందు సంగతి మీకెలా తెలుసు?" అని అడిగింది అక్కడి ఆవిడ. కలిపేది మా తమ్ముడేనని చెప్పాను. మీ డిపో పేరు రాసుకుంది. నీ ఉద్యోగానికి ముప్పొస్తే అది నా వల్లే. రాస్తుంటే ఏడుపొస్తోంది. అయినా ఆ సీసా వెనక్కి తెచ్చుకోను.

జేబురుమాలు నీకెప్పటి నుంచి తెలుసు? ఏం ఆశ చూపించాడు?

నీ మేనకోడలు ఎలా ఉందని కూడా అడిగావు. వాసనొస్తోందని అది బోరు నీళ్లు ముట్టేది కాదు, వాళ్ల నాన్న పై వీధి నుంచి మోసుకొస్తేనే తాగేది. నీ ఉత్తరం చదివిన రోజు "మామయ్య తాగొచ్చన్నాడుగా" అని రెండు గ్లాసులు గటగటా తాగేసింది. నేను పక్కనే ఉన్నాను. వద్దనలేదురా. అప్పటికింకా నిన్ను నేనూ నమ్ముతున్నాను.

ఇట్లు,
నిన్ను చంకనేసుకుని పెంచిన
అక్క