అరవై నాలుగు కోర్లు ఎవరికి?

జూన్ 9, సోమవారం
మళ్లీ అదే కొటేషన్. ఎల్బీ నగర్ డయాగ్నస్టిక్ సెంటర్ సర్వర్‌కి అరవై నాలుగు కోర్ల ప్రాసెసర్, అంటే పక్కపక్కనే పనిచేసే అరవై నాలుగు బుర్రలు. రక్తపరీక్షల బిల్లులు కొట్టడానికి. నేను పనిచేసే శీనన్న కంప్యూటర్ షాపులో స్టాకు ఉంది కాబట్టి వాళ్లకి అవసరం ఉంది — లెక్క అంతే. అడిగితే, "నువ్వు స్క్రూలు బిగియ్యి తల్లీ, గవన్ని నేను చూస్కుంట." బిగించాను. పళ్లు కూడా.

జూన్ 10
సెంటర్‌కి వెళ్లాను. ఎక్స్‌రే గది వెనక, చీపుర్ల పక్కన పాత సర్వర్. పరగడుపున వచ్చిన జనం లైన్లో... ప్రతి బిల్లుకీ తెర ఆగుతోంది. మన్సూరాబాద్ నుంచి వచ్చిన షుగర్ ముసలాయన, "ఏంది మేడం, తిని రావాల్నా మళ్ల?" తిట్లన్నీ పద్మావతి మేడమ్‌కే. అక్కడి కంప్యూటర్లన్నీ ఆమె బాధ్యత. ఈసారి సర్వర్ సరిగ్గా రాకపోతే వేరే మనిషిని చూసుకుంటానన్నాడట డైరెక్టర్.

లోపలికి చూశాను. ఉన్న ఎనిమిది కోర్లలో ఒక్కటి నిండా ఉడికిపోతోంది. మిగతా ఏడూ ఖాళీ. వాళ్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అంతే — పాతది, పనంతా ఒక్క కోర్ మీదే వేస్తుంది. అరవై నాలుగు పెడితే అరవై మూడు కూర్చుంటాయి. పైగా ఆ రకంలో ఒక్కో కోర్ వేగం తక్కువ.

జూన్ 11
మేడమ్‌కి చెప్పాను. "చిన్నది కొని ఆగిపోతే, పద్మావతి చిన్నది కొంది అంటారమ్మా. పెద్దది కొని ఆగిపోతే మెషిన్ ఆగింది అంటారు."
దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రోలో బుర్రలో అదే మాట. ఆమె చెప్పింది అబద్ధం కాదు. అదే మంట.

జూన్ 12
ఇవాళ ఆమెని హాల్లోకి తీసుకొచ్చి నిలబెట్టాను. నాలుగు బిల్లు కౌంటర్లు. సూది గుచ్చేది యాదగిరన్న ఒక్కడే. "ఇంక పది కౌంటర్లు పెట్టుండ్రి మేడం. రక్తం తీసేది గీ అన్న ఒక్కడే గద. లైను జరుగుతదా?"
తెర వెనక నుంచి యాదగిరన్న, "నాకు ఇంకో రెండు చేతులు రాయి బిడ్డా కొటేషన్ల."
మేడమ్ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "అయితే ఎన్ని?"
ఎనిమిది అన్నాను. వేగంగా పరిగెత్తే ఎనిమిది.
"నడిపి చూపించు. అప్పుడు రాసిస్తాను."

జూన్ 13
శీనన్న ముఖం మాడ్చుకుని ఎనిమిది కోర్ల డెమో మెషిన్ ఇచ్చాడు. "తప్పయితే నువ్వే పోయి చెప్పు వాళ్లకు." చెప్తా. భయమా.

జూన్ 14
వాళ్ల డేటా కాపీ పెట్టి, ఒక రోజు పనంతా దాని మీద నడిపాం. బిల్లులు నీళ్లలా. గెలిచాననుకున్నాను. పదకొండున్నర గంటల వేళ పని వచ్చేసరికి మెషిన్ బిగుసుకుపోయింది. ఎనిమిది కోర్లూ నిండా.
చంపాపేట్, బడంగ్‌పేట్ బ్రాంచీల రిపోర్టులన్నీ ఆ వేళకి ఒకేసారి తయారవుతాయట. వేరే సాఫ్ట్‌వేర్, ఎన్ని కోర్లుంటే అన్నీ తినేది. పాత సర్వర్ కూడా అప్పుడు మూలుగుతుందట. జనం తగ్గి ఉంటారు, ఎవరూ అరవరు.
"నువ్వు పొద్దున చూసి వెళ్లిపోయావు కదమ్మా." మేడమ్ అంతే అంది. తిడితే బాగుండేది.
అరవై నాలుగు మీద కోపంతో ఎనిమిది పట్టుకున్నాను. ఆమెని ఒక్క మాట అడగలేదు.
మళ్లీ కూర్చున్నాం. ఆమె రోజంతా ఏం నడుస్తుందో చెప్పింది, నేను విన్నాను. పదహారు. వేగం ఎక్కువున్న రకం — బిల్లులకి వేగం, రిపోర్టులకి కోర్లు.

జూన్ 16, సోమవారం
మేడమ్ మెయిల్ పెట్టింది. పదహారు. తన పేరు మీద.
శీనన్న, "గది స్టాకు లేదు. మూడు వారాలైతది. పాతది గప్పటి దాంక బతుకుతదా?" తిడదామనుకున్నాను. సరైన ప్రశ్నే.
మేడమ్‌కి ఫోన్ చేశాను. "కావాల్నంటే అరవై నాలుగుదే రేపు బిగిస్త మేడం."
"వద్దమ్మా. తెలిశాక ఎలా కొంటాను?"

జూన్ 17
ఇక రోజూ షాపుకంటే ముందు సెంటర్‌కే. దుమ్ము దులిపాను. చీపుర్లు తీయించాను. డేటా రెండు చోట్ల కాపీ.

జూన్ 20
యాదగిరన్న నిమ్మకాయ తెచ్చి సర్వర్ మీద పెట్టాడు. రసం కారితే బోర్డు పోతుందని తీయబోయాను. మేడమ్ చూస్తోంది. కింద పళ్లెంలో పెట్టాను.

జూన్ 23
పాత సర్వర్ ఫ్యాన్ చప్పుడు మారింది. సన్నగా... ఏదో రాసుకుంటున్నట్టు. ఇక్కడే స్టూలు మీద కూర్చుని రాస్తున్నా. లైను గేటు దాకా ఉంది. విప్పి చూడాలంటే సర్వర్ ఆపాలి, బిల్లులు ఆగుతాయి.
"ఈ చప్పుడు మామూలేనా అమ్మా?"
"జర ఆగుండ్రి మేడం."
ఆమె వింటోంది. నేనూ. కౌంటర్లోంచి, "తర్వాతోళ్లు రండి." ఇంకా పిలుస్తున్నారు, పాతది ఇంకా నడుస్తోంది.