ఎడమ బాక్సు

బేతంచెర్ల,
ఆదివారం.

ఓబుళేశు బావకు సుంకులమ్మ నమస్కారాలు చెప్పి రాస్తున్నది. నేనూ అత్తా ఇక్కడ బాగున్నాము. ఆ రాజస్థాన్ ఎండలో, ఆ రొట్టెల తిండితో మీరెట్లా ఉన్నారోనని అత్త రోజూ కంచం ముందర కూర్చుని మిమ్మల్నే తలుచుకుంటుంది. మీ ఒంటి సంగతి దాచకుండా రాయండి.

మన లారీ ఏసన్న మీ జాబు తెచ్చి ఇచ్చాడు. అక్కడ సిగ్నల్ సరిగా ఉండదని, ఫోన్లో నా మాట బొత్తిగా వినిపించడం లేదని, చెప్పేదేదైనా కాగితం మీద రాసి ఏసన్నకే ఇమ్మన్నారు. ఏడో తరగతి మానేశాక నేను ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులుంటే మీరు నవ్వుకోండి గానీ, అక్కడ మీతో కలిసి కొత్త కోత మిషన్లు పెడుతున్న ఆ మార్వాడీ భాగస్తునికి మాత్రం చూపించకండి.

మన బండల ఫ్యాక్టరీ సంగతి అడిగారు. పాలిష్ పని సుంకప్ప చూసుకుంటున్నాడు. మొన్నటి వానకు క్వారీ గుంతల్లో నీళ్లు నిలిచి రాయి రావడం ఆలస్యమైంది. ఇప్పుడు మళ్లీ లారీలు తిరుగుతున్నాయి. అత్త మోకాలి నొప్పి అట్లాగే ఉంది. మందు రాయనివ్వదు, రాయలేదని నన్ను తిట్టడం మానదు.

ఇక మీ పాటల మిషను సంగతి. మీరు చెప్పినట్టే కర్నూలు నుంచి జయపాల్ వచ్చాడు. ఇంటర్నెట్ నుంచి పాటలు తీసుకునే చిన్న పెట్టెకు గాలిలో వచ్చే వైఫై వద్దని, గోడ వెంబడి వైరు లాగి నేరుగా కలిపాడు. ఇప్పుడు మీ నాటకాల పద్యం మధ్యలో తెగడం లేదు. బాక్సులు రెండింటినీ గోడకు దూరంగా జరిపి, మీరు కూర్చునే సోఫా వైపు కొంచెం తిప్పాడు. మన రాళ్లు పరిచిన నేల అద్దంలాగా ఉంది కదా, చప్పుడు దాని మీద పడి మళ్లీ లేస్తోందట. అందుకని పెద్ద జంపఖానా పరిపించాడు. వెనక గోడకు ఏదైనా మందపాటి గుడ్డ కావాలంటే, మా అమ్మ కుట్టిచ్చిన బొంత తెచ్చి ఇచ్చాను. అత్త చూసి, "ఏమమ్మే, కప్పుకునే బొంత గోడకు కప్పినారు, గోడకు సలి పెడతాందా?" అనింది. జయపాల్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

కానీ బావా, ఆ తర్వాత పెట్టిన పద్యం విని అత్త కూడా వచ్చి గడపలో కూర్చుంది. పాడే ఆయన రాగం ఎత్తుకునే ముందర ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. హార్మోనియం తిత్తి తెరుచుకోవడం వినిపించింది. నాటకం మన ముందరింట్లోనే ఆడుతున్నట్టు ఉంది. ఇంత బాగా పలుకుతుందని మీకు చెప్పాలని ఉబలాటపడ్డాను. ఆ ఉబలాటం ఎక్కువసేపు నిలవలేదు.

ఎడమ బాక్సు సరిగా పలుకుతోందా అని జాబులో మూడుచోట్ల అడిగారు. హార్మోనియం ఎడమ నుంచి రావాలి, అది అణిగిపోతోంది, ఆ పక్క కిటికీ వల్లనే అంటూ, మేస్త్రీని పిలిచి కిటికీ పీకించి గోడ కట్టించమన్నారు. నేను మేస్త్రీని పిలవలేదు. కోపగించుకోకుండా చివరిదాకా చదవండి.

జయపాల్‌ను నేనే అడిగాను, ఎడమ పక్క ఒకసారి చూడప్పా అని. అతను మీ స్థానంలో కూర్చుని, చప్పుడు కొలిచే మీటరు పెట్టి చూశాడు. రెండు బాక్సులనూ అటుది ఇటు, ఇటుది అటు మార్చి మళ్లీ చూశాడు. "అమ్మా, రెండూ ఒగటే మాదిరి పలుకుతాండాయి. కిటికీతో ఏం పని లేదు. అన్నకు యాడ తక్కువ అనిపిస్తాందో నాకు తెలీడంల్యా" అన్నాడు. అతను పోయాక నేను మీ సోఫాలో కూర్చుని కళ్లు మూసుకుని విన్నాను. హార్మోనియం ఎడమ పక్క నుంచే, నా భుజం దగ్గరే ఉన్నట్టు వచ్చింది.

అప్పుడు అత్త గడపలో కూర్చుని తనలో తాను అనుకున్నట్టు అనింది. "మిషను సంగతి నాకు తెలీదుగానీ, వాడు నేను పిలిస్తే పలికి శానా దినాలాయ. పెండ్లామొచ్చినాక అమ్మ మాట సెవికెక్కల్యా అనుకుంటి."

నేను లేచి ఆమె దగ్గర కూర్చున్నాను. "అత్తా, నేను పిలిచినా పలకడు. నా మీద ఇష్టం లేదేమో అనుకుంటి" అన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవడం మామ పోయిన తర్వాత నేను చూడలేదు.

బావా, తక్కువ పలికేది బాక్సు కాదు. మీ ఎడమ చెవి.

కోత మిషను దగ్గర మీరెప్పుడూ ఎడమ చెవిని రాయి మీదికి వంచి నిలబడతారు. లోపల పగులుంటే రంపం చప్పుడు ముందే మారుతుందని, చెవిలో దూది పెట్టుకుంటే అది తెలియదని అంటారు. పెళ్లికి ముందు నుంచీ అంతే కదా. ఫోను ఎడమ చేత్తో పట్టి కుడి చేత్తో లెక్కలు రాసుకునేవారు, పోయే ముందర కొన్నాళ్లుగా రాసేది ఆపి కుడి చెవికి మార్చుకుంటూ వచ్చారు. ఇవన్నీ నా కళ్ల ముందరే జరిగాయి. నేను గమనించలేదు.

ఈ జాబు చదివాక ఒక పని చేయండి. ఫోను ఎడమ చెవికి పెట్టుకుని అత్తతో మాట్లాడండి. ఆమె గొంతు ఎంత పెద్దదో మీకు తెలుసు. అదీ వినబడకపోతే, ఆ కొత్త మిషన్ల దగ్గర ఇంక ఒక్కరోజు కూడా నిలబడకండి. కర్నూలులో డాక్టరమ్మను అడిగాను. పోయినది తిరిగి వస్తుందో రాదో చూస్తేగానీ చెప్పలేమంది. కుడి చెవిని మాత్రం కాపాడుకోవచ్చట, చప్పుడుకు దూరంగా ఉంటే.

కర్నూలు ఆసుపత్రికి నేనెందుకు పోయానని మీకు అనుమానం వస్తుంది. అది చెప్పడానికే ఇంతదూరం రాశాను.

మీరు బయలుదేరే ముందురోజు సాయంత్రం పద్యాలు పెట్టుకుని కూర్చున్నారు. నేను మీ ఎడమ పక్కన కూర్చున్నాను. పెళ్లిలో పురోహితుడు భార్య స్థానం అదని చెప్పి కూర్చోబెట్టినప్పటి నుంచి నేను అక్కడే కూర్చుంటున్నాను. చాలా ధైర్యం తెచ్చుకుని, నాకు నెల తప్పింది బావా అని చెప్పాను. మీరు తల ఊపారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. తల ఊపింది పద్యానికని తర్వాత తెలిసింది. పద్యం అయిపోగానే, "ఈ పొద్దు గూడా ఎడమ బాక్సు పలకల్యా" అని లేచి వెళ్లారు.

మీకు బిడ్డ ఇష్టం లేదనుకున్నాను. ఇన్నాళ్లూ ఆ మాట మింగి, మీ ఫోను వస్తే బాగున్నాను అని మాత్రం అన్నాను. అదీ మీకు వినబడిందో లేదో. డాక్టరమ్మ చూసి అంతా సరిగా ఉందని చెప్పింది. అత్తకు ఇప్పుడు తెలుసు.

ఆ మాట మీకు చేరలేదని తెలిసిన రోజు, మీ చెవికి ఏడవాలో, మీరు కాదనలేదని సంతోషపడాలో నాకు అర్థం కాలేదు. రెండూ చేశాను.

మీరు వచ్చేయండి. బొంత గోడకే ఉంది, మిషను బాగా పలుకుతోంది. మీ సోఫా కొంచెం ఎడమకు జరిపించి, కుడి పక్కన నాకు చోటు చేశాను. అట్లా కూర్చుంటే తప్పా అని అత్తను అడిగాను. "నెత్తిన కూసున్నా ఏం గాదులేమ్మే, వానికి వినపడితే సాలు" అనింది.

కాగితం మీద రాశాను గానీ, నోటితో మళ్లీ చెప్తాను. ఈసారి గట్టిగా చెప్తాను.

ఇట్లు,
మీ రాక కోసం వాకిట్లో చెవి పెట్టుకుని ఉన్న
మీ భార్య
సుంకులమ్మ