మాటలు కలిసిన పండగ

పొట్టీ,

నీ షుగరు సంగతి తర్వాత రాద్దువుగాని, ముందు నా గోడు విను.

క్రిస్మస్‌కని అన్నయ్యా తమ్ముడూ ఈ పరాయి దేశంలో నా ఇంటికి దిగారు. చెరో దేశం నుంచి, చెరో విమానంలో. నా ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు. గదిలో రెండు మంచాలు వేసి వాళ్ళకిచ్చి, నేను వంటింట్లో పక్క పరుచుకుంటున్నాను. నాన్న సమాధి రాయి మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర వాళ్ళకి మాటలు పోయాయని నీకు తెలుసుగా. చివరికి ఎవరి పేరూ చెక్కించలేదు. నా పేరు సంగతి అసలెవరూ ఎత్తనే లేదనుకో. ఇప్పుడు ఒకే గదిలో ఉండి, కిటికీ మూయమని చెప్పు అని ఒకరు, చలేస్తే దుప్పటి కప్పుకోమను అని ఒకరు, నాతో చెప్పిస్తారు. ఆసుపత్రి లాండ్రీలో రోజంతా దుప్పట్లు మోసి వచ్చి, ఇంట్లో వీళ్ళ మాటలు మోస్తున్నాను.

నిన్న పొద్దున కేకుకి జీడిపప్పు తరుగుతుంటే అన్నయ్య వచ్చాడు. వదిన పోయాక ఇల్లు బోసిపోయిందట. ఉద్యోగం మానేసి తన దగ్గరకి వచ్చేయమన్నాడు. అబద్ధమెందుకు, కళ్ళు చెమర్చాయి. సాయంత్రం తమ్ముడొచ్చాడు. మరదలు పనికి పోతే పిల్లల్ని చూసే దిక్కు లేదట, "అక్కా, నువ్వొచ్చేయ్" అన్నాడు. పొద్దున చెమర్చిన కళ్ళు అప్పుడు ఆరిపోయాయి. వీళ్ళు పండక్కి రాలేదే, పనిమనిషిని వెతుక్కుంటూ వచ్చారు.

నాకు పెళ్ళని వాళ్ళకింకా తెలీదు. నీకూ సగమే చెప్పాను. ఆమధ్య ఆసుపత్రి లిఫ్టు రెండంతస్తుల నడుమ ఆగిపోయింది. లోపల నేనూ, ఒక బండెడు మాసిన దుప్పట్లూ. భయం తెలియకుండా ఆ లిఫ్టు వంశాన్నంతా తెలుగులో తిడుతున్నాను. పైనుంచి ఎవరో, "అమ్మా, ఆ ఆఖరి తిట్టు మళ్ళీ అనండి, విని చాలా ఏళ్ళయింది" అన్నారు. ఆయనే మెకానిక్కు. భార్య పోయి ఒంటరిగా ఉంటున్నారు. లిఫ్టు బాగుపడ్డాక కూడా వారం వారం చూడ్డానికి వచ్చారంటే చూడు.

కొత్త సంవత్సరం రాగానే పెళ్ళి. పండగ భోజనానికి ఆయన్ని పిలిచాను, అప్పుడే చెబుతాను. చర్చి గుమ్మం నుంచి ముందు దాకా ఇద్దరిలో ఒకరు నా చెయ్యి పట్టుకుని నడిపిస్తే చాలు. అరవై దాటిన దానికి ఇదేం కోరికని నవ్వుకో. నాకదొక్కటే కావాలి.

నీ నిచ్చెన

*

పొట్టీ,

చెప్పాను. ఆయన దుకాణం మడతలు కూడా పోని చొక్కా తొడుక్కుని కూర్చున్నారు. అన్నయ్య నావైపు చూడలేదు. తమ్ముడి వైపు తిరిగాడు.

"విన్నావురా?"

ఆ సమాధి రాయి తగువు తర్వాత వాడితో అన్నయ్య అన్న మొదటి మాట అదే.

"విన్నానన్నయ్యా. ఈ వయసులో మన పరువు తీస్తోంది."

ఆయన ఏదో నచ్చజెప్పబోతే, ఇంట్లోవాళ్ళం మాట్లాడుకుంటున్నామని అన్నయ్య ఆపేశాడు. ఆయన లేవబోయారు. కూర్చోమన్నాను, అద్దె కట్టేది నేనే కదా.

ఇక ఆ మర్నాటి నుంచి అన్నదమ్ముల ముచ్చట చూడాలి. కలిసి షికార్లు, ఒకడి మఫ్లరు ఒకడు సర్దడాలు. అమ్మ బతికుంటే దిష్టి తీసేది. నేను గదిలోకి వెళ్తే మాత్రం మూగబోయేవాళ్ళు. "టీ పెట్టమని చెప్పరా దానికి" అని నా ఎదుటే. ఒకరోజు వంటింట్లోకి వినబడేలా తమ్ముడు తీర్పు చెప్పాడు:

"ఆర్నెల్లు నీ దగ్గర, ఆర్నెల్లు నా దగ్గర ఉంటే సరిపోతుందిగా అన్నయ్యా."

ముందు ఎవరి దగ్గరన్నది మాత్రం ఈసారి తగువు పడలేదు, పాపం, నువ్వంటే నువ్వని మర్యాదలు చేసుకున్నారు.

నేను రానన్నాను. టికెట్లు ముందుకి మార్పించుకుని ఒకే టాక్సీలో బయల్దేరారు. గుమ్మంలో సిగ్గు విడిచి అడిగాను, పెళ్ళి దాకా ఒక్కరైనా ఉండండని. తమ్ముడు పెట్టె కింద పెట్టాడు. నిజంగా పెట్టాడే. అన్నయ్య మొహం చూశాడు. "పదరా" అన్నాడు అన్నయ్య. పెట్టె మళ్ళీ లేచింది.

నిన్న పెళ్ళయింది. లాండ్రీ వాళ్ళు నలుగురు వచ్చారు. గుమ్మం నుంచి ఒక్కదాన్నే నడిచాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండూ కట్టుకుని. పాస్టరుగారు అలవాటు కొద్దీ, ఈమెను ఎవరు ఇస్తున్నారని అడిగారు. అడిగాక నా వెనక ఎవరూ లేరని చూసి నాలిక కరుచుకున్నారు.

"నేనే ఇచ్చుకుంటున్నానండీ" అన్నాను.

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదే.

నీ నిచ్చెన