నూనెలో చూసిన ముఖం

కాశిబుగ్గ, వరంగల్,
ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి తేజస్వికి మీ అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న మోకాలు ఒక్కటే ఆ మాటకు ఒప్పుకోవడం లేదు. నాగపూర్‌లో నువ్వు, భరత్, మీ అత్తయ్య విజయలక్ష్మి గారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం బుధవారం అందింది. ఫోన్లో అడిగితే నేను మాట మారుస్తానని తెలిసే కాగితం మీద అడిగావు. మంచి పని చేశావు. నేను మాత్రం నాలుగు రోజులుగా మొదలుపెట్టడం, చించడం, మళ్ళీ మొదలుపెట్టడం.

ముందు సులువైన వాటికి జవాబు చెప్తాను. అమ్మమ్మ సంవత్సరీకం బాగానే జరిగింది. ఏడో నెలలో ఆ పొగలోకి, జనంలోకి నిన్ను రావద్దన్నందుకు కోపం పెట్టుకోకు. అమ్మమ్మ పూజ సామాను దుకాణం ఉన్న బజారు బజారంతా వచ్చింది. అన్నేళ్ళూ మా అమ్మ దుకాణం ముందే పూలు అమ్మిన చిలుకమ్మ భోజనాల దగ్గర అమ్మ గొంతు అనుకరించి అందరినీ నవ్వించింది. ఎవరో ఒకామె వచ్చి ఈ పసుపు మంచిదేనా అని అడిగిందట. "మొఖానికా, దేవునికా?" అన్నదట అమ్మ. దేవుడికే అంటే, "అయితే తీస్కపో. మొఖానికైతే వద్దు, మండుతది. దేవుడు అద్దం చూసుకోడు" అన్నదట. మంత్రాలు చెప్పిన పంతులుగారు కూడా నవ్వారు.

అమ్మ అంతే. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పదహారేళ్ళకు కోడలిగా వచ్చి, నేను ఇంటర్‌లో ఉండగా మా నాన్న పోతే, నెల తిరగకుండా ఆ పూజ సామాను దుకాణంలో కూర్చుంది. భర్త పోయిన మనిషి చేత్తో కుంకుమ ఎవరు కొంటారని బజారు గుసగుసలాడింది. అమ్మ దుకాణం మాత్రం మూయలేదు. కర్పూరం పాతదైతే పాతదని తనే చెప్పేది. ఏ నోముకు ఏం కావాలో, ఏ దోషానికి ఏ శాంతో, పంతుళ్ళే మరిచిపోయి ఆమెను అడిగేవాళ్ళు. పోను పోను కుంకుమకు ఆమె దగ్గరికే వచ్చారు.

ఆ రోజు వచ్చినవాళ్ళంతా ఒకే మాట అన్నారు, లక్ష్మీనర్సమ్మ అబద్ధమాడని మనిషి అని. నేను వడ్డిస్తున్నాను. ఆ మాట విన్నప్పుడల్లా నా చెయ్యి ఆగింది. ఎందుకంటే అమ్మ ఒక్క అబద్ధం ఆడింది. నువ్వు అడిగింది దాని గురించే.

శ్రీమంతం నాడు మీ మేనత్త నవ్వులాటకు అన్న మాట ఇంత దూరం వస్తుందని అనుకోలేదు. నువ్వు తల్లికి గండమైన నక్షత్రంలో పుట్టావనీ, శాంతి అయ్యేదాకా నేను నీ ముఖం చూడలేదనీ చెప్పింది. అది విని మీ అత్తయ్యకు భయం పట్టుకుంది. కాన్పుకు నిన్ను వరంగల్ పంపనంటున్నారు. పుట్టే బిడ్డ మీద ముందుగా నా చూపు పడొద్దంటున్నారు. ఆమెను తప్పుపట్టను. తన ఇంటి బిడ్డ మంచి కోరే అంటున్నారు.

కానీ నువ్వు రాసిన రెండు వాక్యాలు నన్ను నిద్రపోనివ్వలేదు. "జువాలజీ పాఠాలు చెప్పేదానివి, అప్పుడెలా ఒప్పుకున్నావమ్మా?" అన్నావు. ఇంకోటి, "నేను నిజంగా నీకు అరిష్టమా, అందుకేనా ఇప్పటికీ నన్ను దగ్గరికి తీసుకునే ముందు ఒక్క క్షణం ఆగుతావు?" అని.

ఆగుతానని నాకు తెలియదు తేజూ. నువ్వు రాసిన తర్వాత గుర్తు చేసుకుంటే నిజమే అనిపించింది.

నీ నక్షత్రంలో ఏ దోషమూ లేదు. నువ్వు పుట్టింది శ్రవణంలో. జ్యేష్ఠ అని అమ్మ కల్పించింది. ఎవరూ పంచాంగం తీసి చూడలేదు. పూజ సామాను దుకాణం నర్సమ్మ చెప్పాక ఎవరు చూస్తారు? నీ పెళ్ళి కూడా పేరుబలం మీదే చూశాం కాబట్టి ఆ సంగతి బయటపడలేదు.

ఎందుకు కల్పించిందో చెప్పాలి. నువ్వు పుట్టగానే దవాఖానలో నిన్ను నా పక్కన పడుకోబెట్టారు. నాకేమీ కలగలేదు. సంతోషం లేదు, ఏడుపు లేదు. సాయంత్రానికి భయం మొదలైంది. ఎత్తుకుంటే జారవిడుస్తానని, నేనే ఏదో చేసేస్తానని. నిన్ను దగ్గరికి తెస్తే గోడవైపు తిరిగేదాన్ని. దానికొక పేరుందని, మందుందని చాలా ఏళ్ళకు తెలిసింది. అప్పుడు మాత్రం నేను తల్లిని కానేమో, మనిషినే కానేమో అనుకున్నాను.

పురిటికి మీ నానమ్మ వాళ్ళు వచ్చారు. ఆమె కాసేపు చూసి, "ఏంది వదినా, మీ పద్మ పిల్ల దిక్కు చూడనన్న చూస్తలేదు?" అంది. గదిలో అందరూ నన్నే చూశారు. అమ్మ నీ గుడ్డలు మడతపెడుతోంది. తల కూడా ఎత్తలేదు.

"చూడొద్దన్నరు వదినా. జ్యేష్ఠల పుట్టింది. తల్లికి గండమట. శాంతి అయ్యేదాక చూడొద్దు, ఎత్తుకోవద్దు. పాలిచ్చేటప్పుడు సుత మొఖం మీద కొంగు కప్పుకోవాలె."

అంతే, ఆ క్షణం నుంచి అందరూ నా మీద జాలిపడ్డారు. పాపం, బిడ్డను చూసుకునే భాగ్యం లేదన్నారు. వాళ్ళు వెళ్ళాక అమ్మ తలుపు దగ్గరికి వేసి నా పక్కన కూర్చుంది.

"నీ పానం జర ఎటో పోయింది బిడ్డా. అదే వస్తది. వచ్చేదాక పొల్లను నేను చూసుకుంట, నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆ తర్వాత ఆమె చేసింది నేను ఎవరికీ చెప్పలేదు. నీకు స్నానం చేయించి, సాంబ్రాణి పట్టి నా దగ్గరికి తెచ్చేది. కళ్ళు మూసుకోమనేది. "వాసనొక్కటే చూడు, చాలు" అనేది. తీసుకెళ్ళిపోయేది. కొన్నాళ్ళకు గుడ్డలోంచి నీ పాదం ఒక్కటే బయటపెట్టి నా అరచేతిలో ఉంచింది. "ఇయాలటికి పాదమే" అంది. తర్వాత వేళ్ళు. తర్వాత వీపు. పాలిచ్చేటప్పుడు నిన్ను తనే పట్టుకునేది, నా బరువు కూడా తన భుజం మీదే. కొంగు కింద నేను ఏడ్చినా ఎవరికీ కనిపించేది కాదు. నిన్ను నాకు కొంచెం కొంచెంగా ఇచ్చింది. రేపు ఏది ఇస్తుందా అని ఎదురుచూడటం ఎప్పుడు మొదలైందో నాకే తెలియదు.

శాంతి పేరుతో పంతులుగారి చేత నవగ్రహ పూజ చేయించింది. కంచు గిన్నెలో నూనె పోసి నా ముందు పెట్టి, నిన్ను నా భుజం వెనుక నుంచి వంచి పట్టుకుంది. దోషముంటే బిడ్డ ముఖాన్ని మామూలుగా తండ్రికి అలా నూనెలో చూపిస్తారు. "నూనెల చూడు. అంతకన్న ఎక్కువ వద్దు" అంది. నూనెలో నీ ముఖం కదిలింది. ఆవులించావు. నాకు మనసాగలేదు. తల తిప్పి నేరుగా నిన్నే చూశాను. అమ్మ నిన్ను నా ఒళ్ళో పెట్టి, గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ ఆమె ఏడ్చిందని నా అనుమానం. తలంటి పోసుకున్నట్టు ఎర్రబడ్డ కళ్ళతో తిరిగొచ్చింది.

నిన్ను ముట్టుకునే ముందు నేను ఆగేది అందుకే అయి ఉంటుంది. ఇప్పుడు సరేనని ఎవరో చెప్పాలేమో అన్నట్టు. అందులో నీ తప్పు వెంట్రుకవాసి కూడా లేదు. నువ్వు నాకు అరిష్టం అయ్యావని ఒక్క పూటైనా అనుకోలేదు. కానీ ఆ మాట వింటూ నువ్వు పెరుగుతున్నప్పుడు నేను నోరు విప్పకపోవడం సరైనదేనని అనలేను. ఒకసారి అమ్మనే అడిగాను, పిల్ల మీద లేని దోషం మోపాం కదా అని. "నీకు గండం లేకుండెనా? ఉండె. దాటినవ్" అంది. ఆమెకు అది చాలింది. నాకు చాలలేదు. అది నీ పేరు మీద పడింది మరి.

మీ నాన్నకు కూడా మొన్ననే చెప్పాను. మోకాలు రుద్దుకుంటూ విన్నాడు. తర్వాత, "శాంతి సామానంత అత్తమ్మ దుకాణంలనే కొన్న. అల్లుడనని ఒక్క పైస తగ్గియ్యలె" అని నవ్వడం మొదలుపెట్టి, అలాగే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత నన్ను ఒక్కటే అడిగాడు, నాకెందుకు చెప్పలేదని.

మీ అత్తయ్యకు నేనే ఫోన్ చేసి అంతా చెప్పాలని ఉంది. అమ్మను అబద్ధాలకోరు అనుకుంటారేమో, నన్ను పిచ్చిదనుకుంటారేమో. అనుకోనీ. అయితే ఇది నీ సంగతి కూడా, నువ్వు సరే అంటేనే చేస్తాను. విన్న తర్వాత కూడా వాళ్ళు ఒప్పుకోకపోతే కాన్పు అక్కడే కానీ. కాజీపేటలో బండెక్కి నేనే వస్తాను.

ఇంకొక్క మాట. బిడ్డ పుట్టగానే ప్రేమ దానంతటదే వస్తుందని అందరూ నీకు చెప్తుంటారు. రావచ్చు. వస్తే సంతోషం. రాకపోతే, భయం వేస్తే, గోడవైపు తిరగాలనిపిస్తే, ఎవరికీ ఏ కారణమూ కల్పించే పని లేదు. నక్షత్రాలు కల్పించేంత తెలివి నాకు లేదు. డాక్టరు దగ్గరికి కలిసి వెళ్దాం. నాకు మాత్రం దాచకు. "అమ్మా, నాకు బిడ్డను చూడబుద్ధి కావట్లేదు" అని ఒక్క మాట అను. నువ్వు చూడగలిగేదాకా నీ బిడ్డను నేను ఎత్తుకుని ఉంటాను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
మీ అమ్మ,
పద్మలత