కోవాకు శుక్రవారం తలంటు

నాచారం,
31 జులై 2004

ప్రియమైన మీకు,

మీరు వంతెన పనికి వెళ్లి నెలయింది. నేను, అమ్మాయి మానస క్షేమం. కుక్క సంగతే బాగాలేదు. తెల్లగా ఉందని మీరు దానికి కోవా అని పేరు పెట్టారు. ఇప్పుడు చూస్తే నువ్వులుండ అంటారు.

అది ఎప్పుడు ఎందులో పొర్లిందో లెక్క తెలియాలని ఒక రూళ్ల పుస్తకం పెట్టాను. తొమ్మిదో తేదీ: మోరీ కాలువ బురద, కడగడానికి ఆరు బిందెల నీళ్లు. పదహారు: పేడ, నాలుగు. ఇరవై మూడు: మళ్లీ మోరీ, ఏడు. నిన్న ముప్పై: అదేమిటో తెలియలేదు, తొమ్మిది.

నేనేమీ దాన్ని గాలికి వదిలేయలేదు. ఆడపిల్లకు చేసినట్టు వారం వారం కుంకుడుకాయతో తలంటి, సాంబ్రాణి పొగ కూడా వేస్తున్నాను.

మన ఇంటి ఓనరు ఉప్పలయ్య గారు మెట్లకు కొత్తగా సున్నం వేయించారు. నిన్న వాటి మీద కోవా అడుగులు చూసి, "ఏందమ్మా గిది? సున్నం నేనేస్తె ముగ్గు మీ కుక్క పెడ్తదా? ఇంకోపారి గిట్లయితె చర్లపల్లిల మా బావమర్ది గోదాముకు తోలిస్త. ఆడ కాపలా ఉంటది" అన్నారు.

మీరున్నప్పుడు ఇది మల్లెపువ్వులా ఉండేది. ఏం చేసేవారు?

మన పాత తువ్వాళ్లు రెండు కనబడటం లేదు. అవి కూడా ఎక్కడున్నాయో రాయండి.

మీ
తారామణి

క్యాంపు,
5 ఆగస్టు

ప్రియమైన తారకు,

ఇక్కడ ఫోను చేయాలంటే ఎనిమిది కిలోమీటర్లు పోవాలి, అందుకే ఉత్తరం. ఈ ఊరి పశువుల డాక్టరును అడిగాను. ఒళ్లు వేడెక్కినా, దురద పుట్టినా, ఉత్సాహం ఎక్కువైనా కుక్కలు పొర్లుతాయట. తిట్టకు, వెంటపడకు. వెంటపడితే ఆట అనుకుంటుందట.

నేను ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. పొద్దున్నే వాకింగ్, అంతే. తువ్వాళ్ల సంగతి నాకు తెలియదు.

నీ
బసవరాజు

నాచారం,
14 ఆగస్టు

ప్రియమైన మీకు,

పుస్తకం తిరగేస్తే కారణం దొరికింది. జులైలో నాలుగుసార్లు, ఈ నెల ఆరున, నిన్న పదమూడున. అన్నీ శుక్రవారాలే! సరిగ్గా నేను తలంటు పోసే రోజే. అంటే వారానికి ఒక్క తలంటు దీనికి చాలడం లేదు. ఇకనుంచి మంగళవారం కూడా పోస్తాను.

నిన్న సాంబ్రాణి పొగలోంచి లేచి తిన్నగా మోరీలోకి, మోరీలోంచి ఉప్పలయ్య గారి మీదికి. ఆయన బోడుప్పల్‌లో నిశ్చితార్థానికి తెల్ల పంచె కట్టుకుని బయలుదేరారు. "నేను పోయేది పిల్లకు బట్టలు పెట్టనీకి! బురదల పండనీకి కాదు!" అని వీధంతా వినబడేలా అరిచారు. ఇరవై రెండు, ఆదివారం, కోవాను తీసుకెళ్లడానికి ఆయన బావమరిది సాంబయ్య ఆటో ట్రాలీ తెస్తాడట.

మానస నాతో మాట్లాడటం లేదు. ఇవాళ గొలుసు తుడిచి పెడుతుంటే కోవా వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంది. గొలుసు అక్కడే పెట్టి లేచి వెళ్లిపోయాను.

ఏదైనా దాస్తుంటే ఇప్పుడే చెప్పండి.

తారామణి

క్యాంపు,
18 ఆగస్టు

తారా, నీకో దండం.

మంగళవారం తలంటు వద్దు, శుక్రవారం తలంటూ వద్దు. నీ ఉత్తరం డాక్టరుకు చదివి వినిపించాను. ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. కుక్కకు తన వాసనే తన పేరట. నువ్వు సాంబ్రాణి వేసి ఆ పేరు చెరిపేస్తున్నావు, అది మోరీలో వెతుక్కుంటోంది.

ఇక నా సంగతి. వాకింగ్ అని నేను నడిచింది వీధి చివర ఖాళీ ప్లాటు దాకానే. అక్కడ రాయి మీద కూర్చుని పేపరు చదివేవాడిని. కోవా పొడి ఎర్రమట్టిలో తనివితీరా పొర్లేది. తర్వాత తువ్వాలుతో దులిపితే మళ్లీ తెలుపే. ఆ తువ్వాళ్లు రెండూ ఆ రాయి వెనకే ఉన్నాయి.

రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నానని నువ్వు నాకు ఇంకో దోసె ఎక్కువ వేసేదానివి. అందుకే చెప్పలేదు.

నీ
బసవరాజు

నాచారం,
23 ఆగస్టు

ప్రియమైన దోసెల దొంగ గారికి,

మీ ఉత్తరం శనివారం అందింది. అప్పటికే మంగళవారం, శుక్రవారం తలంట్లు, మోరీలు అన్నీ అయిపోయాయి. వెంటనే ఉప్పలయ్య గారికి వాసన సంగతి చెప్పి, ఈ ఒక్క రోజు ఓపిక పట్టమని అడిగి, జామచెట్టు కింద పొడి ఎర్రమట్టి పోయించాను. వానకు తడవకుండా పైన పరదా కట్టాము. కోవా గంటసేపు పొర్లింది. నేను దులిపాను. కోవా, కోవాలాగే బయటికొచ్చింది.

ఆదివారం సాంబయ్య వచ్చాడు. దావత్‌కు పోయి వచ్చాడేమో, మనిషి గేటు దాటకముందే అత్తరు మెట్లెక్కింది. కోవాను ఎత్తి గుండెకు హత్తుకున్నాడు. అది గింజుకుని దూకి, జామచెట్టు కిందికి పరుగెత్తి, వీపు ఆనించి ఎడాపెడా పొర్లింది. ఉప్పలయ్య గారు తేరిపార చూశారు.

"బావా, గా కుక్క గట్లెందుకు జేస్తున్నది?"

"నీ అత్తరు కడుక్కుంటున్నదిరా! నువ్వు తోల్కపోతె రోజుకు పదిసార్లు పొర్లుతది. ఉండనీ, మెట్లెక్కకముందు దులుపుతున్నరు గదా" అని కడుపు పట్టుకుని నవ్వారు.

ట్రాలీ ఖాళీగా పోయింది. మానస నాతో మాట్లాడింది, ఆపకుండా మాట్లాడుతోంది.

రూళ్ల పుస్తకంలో మీకూ ఒక పేజీ తెరిచాను. నడవని కిలోమీటర్లు ఒకవైపు, తిన్న దోసెలు ఒకవైపు. మీరు వచ్చేది ఏ వారమైనా సరే, ఆ శుక్రవారం తలంటు మీకే. కుంకుడుకాయలు, సాంబ్రాణి అన్నీ మిగిలిపోయాయి. తట్టుకోలేకపోతే జామచెట్టు కింద మట్టి సిద్ధంగా ఉంది. తువ్వాళ్లు తెచ్చి ఉతికి పెట్టాను.

మీ
తారామణి