చెంచా కాడ విరిగినాక

ఉదయగిరి, 1979
గురువారం

సలహాలు చెప్పే ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే. చెక్క చెంచాలు చేసే సంఘానికి పని తొందరగా జరిగే దారి చెప్పమని ఆఫీసు నన్నిక్కడికి పంపింది. మిషన్ కావాలని నిన్ననే రిపోర్టు రాసేసినాను.

ఈ పొద్దు ఆ మాటే చెబితే సంఘంలో చెంచాలు చేసే ఖాసింబీ చెక్కడం ఆపి, "ముందు ఒకటి నువ్వు చేసి చూడమ్మా" అని సగం చెక్కిన చెంచా, ఆకురాయి నా చేతికిచ్చింది.

రుద్దతా ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. చెక్క పొడి ఎండలో మెల్లగా లేస్తా ఉంటే, కొండమీది కోట దాంట్లో తేలతా ఉన్నట్టు కనిపించింది. అంతలో కాడ పుటుక్కున విరిగింది.

"కట్టె ఇంకా పచ్చిగా ఉండాది. మిషన్‌లో పెట్టినా ఇంతే" అనింది ఖాసింబీ.

"ఆరిందని ఎట్లా తెలుస్తాది?"

"నాకు మూడేండ్లు పట్టింది. రేపు కూడా రా."

శనివారానికి రిపోర్టు పోకపోతే ఉద్యోగం ఖాయం చెయ్యరేమో. అయినా చించేసినాను. కొత్త కాగితం మీద, కట్టె ఆరేదానికి ఎన్నాళ్ళు పడతాది అని రాసినాను. కింద, నాకు తెలీదు అని రాసినాను. రాసినాక ఎందుకో మనసు తేలికపడింది...